శుక్రవారం బ్యాచ్‌లు

మా ఆయన పోయిన మూడో నెలలో మేము తయారుచేసే క్రీం చెడిపోవడం మొదలైంది.

ఈ రెండింటికీ సంబంధం ఉందని అప్పట్లో చాలామంది అన్నారు. సంబంధం ఉందని తర్వాత నాకూ తెలిసింది. అయితే అది వాళ్ళు అనుకున్నది కాదు.

రామచంద్రపురం దాటాక రోడ్డు పక్కన, ఒకప్పుడు కొబ్బరినూనె గానుగ నడిచిన షెడ్డులో మా యూనిట్ ఉంది. తొమ్మిది మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. కొబ్బరినూనె, తవుడు నూనె, నీళ్ళు కలిపి ముఖానికీ చేతులకీ రాసుకునే క్రీం చేస్తాం. ఆయన ఫార్మసీ చదివారు, నేను మైక్రోబయాలజీ. ఇద్దరం పదిహేనేళ్ళు మందుల కంపెనీల్లో పనిచేసి, అది మానేసి దీన్ని మొదలుపెట్టాం. ఫార్ములా ఆయనది, పరీక్ష నాది. "అయ్యగారు వండుతారు, అమ్మగారు వంక పెడతారు" అని మా దగ్గర ట్యాంకు కలిపే పెద్దావిడ అనేది. షెడ్డులో అందరికంటే వయసులో పెద్దది కాబట్టి ఆవిణ్ణి అందరం పెద్దక్క అంటాం.

ఆయన ఈ పనిలోకి రావడానికి కారణం మా అత్తగారి నుదురు. స్టిక్కర్ బొట్టు పెట్టుకునే చోట ఆవిడకు తెల్లమచ్చ వచ్చింది. ఆ మచ్చ కనబడకుండా ఇంకా పెద్ద స్టిక్కర్ పెట్టేవారు. మచ్చ దాన్నీ దాటేది. వెనకున్న జిగురులోని రసాయనం వల్ల అని డాక్టరు చెప్పేసరికి అది రూపాయి బిళ్ళంత అయింది. ఆయన తరచూ ఒక మాట అనేవారు: "మందుకైతే చీటీ ఉంటుంది, డాక్టరుంటాడు. ముఖానికి రాసుకునేదాన్ని అద్దం తప్ప అడిగేవాళ్ళు లేరు."

నీళ్ళు, నూనె కలిసిన ఏ పదార్థమైనా నిలవ ఉంటే పాడవుతుంది. పాడవకుండా ప్రిజర్వేటివ్ వేస్తారు. చట్టం ఒప్పుకున్నవాటిలోనే గట్టివి కొన్ని పగిలిన చర్మానికి తగిలితే మంటపెడతాయి. మా క్రీం కొనేవాళ్ళలో ఎక్కువమంది చేతులు పగిలినవాళ్ళే. నాట్లు వేసేవాళ్ళు, కొబ్బరి పీచు తీసేవాళ్ళు, ఉప్పాడలో నేత నేసేవాళ్ళు. మంట లేకుండా నిలవ ఉండే పద్ధతి కోసం ఆయన రెండేళ్ళు కూర్చున్నారు. ముప్పై ఏడోసారికి కుదిరింది. నేను నా సూక్ష్మజీవులతో, వాటిని పెంచి చూసే గాజు ప్లేట్ల మీద, దాన్ని సతాయించి సతాయించి చివరికి ఒప్పుకున్నాను.

ప్రతి ప్రయత్నం ఒక నోటుపుస్తకంలో రాసేవారు. అందులో ఒక్క నియమం. తప్పు రాస్తే తెల్లరంగు పూయకూడదు, పేజీ చింపకూడదు, గజిబిజిగా కొట్టేయకూడదు. ఒకే ఒక్క గీత గీయాలి, కింద రాసింది చదవడానికి వీలుగా ఉండాలి, పక్కన తేదీ వేసి సంతకం పెట్టాలి. ప్రయోగశాలల్లో అందరూ పాటించేదే. ఆయన పచారీ చీటీల్లో కూడా పాటించేవారు.

జనవరి చివర్లో, ఒక మంగళవారం, స్నానానికి వెళ్ళి బయటికి రాలేదు. దాని గురించి ఇంతకంటే రాయను. పరామర్శకు వచ్చినవాళ్ళు చాలా మంచి మాటలు చెప్పారు. పుస్తకాల్లో చదివిన మాటలే కాబట్టి నాకు అవి ముందే తెలుసు. ఒక బంధువు మాత్రం ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళి మూడు రోజుల గిన్నెలు తోమి వెళ్ళింది. అది గుర్తుంది.

నెల దాటాక, మూసిన యూనిట్ మళ్ళీ తెరిచి పనిలోకి వెళ్ళాను. రాజమండ్రిలో బస్సెక్కితే ఎనిమిదిన్నరకి షెడ్డు దగ్గర దిగుతాను. మొదటి వారంలోనే పెద్దక్క నా బల్ల దగ్గరికి వచ్చి, కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"అమ్మగారండీ, శుక్రవారం మటుకు మీరు నిదానంగా పదింటికి రండి. పొద్దున్నే పూజ, కడుగుడు, ఆ గొడవంతా మేం చూసుకుంటాం కదండీ."

శుక్రవారం మొదటి ట్యాంకు మొదలుపెట్టే ముందు షెడ్డులో పూజ చేస్తారు. ఆయన ఉన్నప్పుడు నేనూ ఉండేదాన్ని, నా చేతే హారతి ఇప్పించేవాళ్ళు. ఇప్పుడు నేను ఎదురుగా ఉంటే బొట్టు పెట్టాలో వద్దో వాళ్ళకి తెలియదు. పెడితే ఒక బాధ, పెట్టకపోతే ఒక బాధ. పదింటికి రమ్మనడం వాళ్ళకి దొరికిన మర్యాద. నాకు అర్థమైంది, అర్థమైందని పెద్దక్కకీ అర్థమైంది. "సరే" అన్నాను. వాదించే ఓపిక లేదు. ఒక గంటన్నర ఆలస్యంగా లేవచ్చులే అని కూడా అనుకున్నాను.

ఏప్రిల్‌లో మొదటి బ్యాచ్ చెడింది. మేము ప్రతి బ్యాచ్‌లోంచీ కొన్ని డబ్బాలు పక్కన పెడతాం. మొదటి రోజు ఒకటి పరీక్షిస్తాను, మూడు వారాలకి ఇంకొకటి. మొదటి రోజు శుభ్రంగా ఉన్నది మూడు వారాలకి ప్లేటు మీద బూడిదరంగు చుక్కలు చుక్కలుగా లేచింది. ఒక్కో చుక్కా ఒక్కో సూక్ష్మజీవి కాపురం. అప్పటికి ఆ సరుకు కొట్లకి వెళ్ళిపోయింది. మా మరిది, ఆయన తమ్ముడు, అమ్మకాలు చూస్తాడు. జంగారెడ్డిగూడెం దాకా వెళ్ళి, కొట్టుకొట్టుకీ తిరిగి, వాడుకుంటున్న డబ్బాలు సైతం వాపసు తీసుకుని వచ్చాడు. ఎవరికీ ఏమీ కాలేదు. అది మా అదృష్టమే కాని మా గొప్ప కాదు.

తర్వాత మూడు బ్యాచ్‌లు బాగున్నాయి. ఆ తర్వాతది చెడింది. మళ్ళీ రెండు బాగున్నాయి, ఒకటి చెడింది. అప్పటినుంచి మూడు వారాల పరీక్ష దాటందే సరుకు గేటు దాటనివ్వలేదు. షెడ్డు గుమ్మానికి దిష్టి గుమ్మడికాయ వెలిసింది. ఎవరు కట్టారని నేను అడగలేదు.

మరిది ఒకరోజు ఎదురుగా కూర్చున్నాడు.

"వదినా, అన్నయ్య ఫార్ములా అంటే నాకూ గౌరవమే. గౌరవంతో క్రీం నిలవుండదు కదా."

"ఫార్ములా తప్పు కాదు."

"అదెలా చెప్తారు?"

"నేను పరీక్ష చేశాను కాబట్టి."

"ఇప్పుడు చెడిందని చెప్పిందీ మీ పరీక్షేగా! రెండిట్లో దేన్ని నమ్మమంటారు?"

అతను గొంతు తగ్గించాడు. "పాత ప్రిజర్వేటివ్ వేసేద్దాం. ఊరంతా వాడుతున్నదే, చట్టం ఒప్పుకున్నదే. కాస్త చురుక్కుమంటే ఏమైంది? చురుక్కుమంటే పనిచేస్తోందనుకుంటారు మనవాళ్ళు. ఈ నెలాఖరు దాకా చూద్దాం వదినా. తర్వాత మార్చేద్దాం."

ఆయన రెండేళ్ళ పనికి నెలాఖరు గడువు. అంతకుముందు దుఃఖం నన్ను ఏ పనీ చేయనివ్వలేదు. ఇప్పుడు చేయడానికి ఒక పని దొరికింది. కారణం షెడ్డులోనే ఉంది, నేను కనిపెట్టగలను, కనిపెట్టడమే నా చదువు. ఈ విషయంలో నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు.

నీళ్ళు పరీక్షించాను. ట్యాంకు లోపల, మూత అంచు, కుళాయి మెడ, గరిటెలు, అందరి చేతులు, ఖాళీ డబ్బాలు, వాసన కోసం వేసే నూనె, అన్నీ పరీక్షించాను. అన్నీ శుభ్రం. మా ఆడవాళ్ళ చేతులు ఆసుపత్రి చేతులకంటే శుభ్రంగా ఉన్నాయి. పెద్దక్క తన ప్లేటు చూసుకుని "మరి నన్నేమనుకున్నారు" అంది.

చివరికి బ్యాచ్‌లను గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టాను. తిథులు, వర్జ్యాలు ఉండే క్యాలెండరు. బాగున్నవాటికి టిక్కు, చెడినవాటికి సున్నా. సున్నాలన్నీ ఒకే నిలువు వరుసలో, ఒకదాని కింద ఒకటి నిలబడ్డాయి. అన్నీ శుక్రవారాలే.

మరిదిని పిలిచి చూపించాను. అతను చాలాసేపు చూశాడు. "శుక్రవారం లక్ష్మీదేవి వారం వదినా. శనివారమంటే నమ్మేవాణ్ణి."

శుక్రవారం ఏం వేరు? నీళ్ళు అవే, నూనె అదే, మనుషులు వాళ్ళే. వేరు ఒక్కటే. ఆ రోజు పదింటిదాకా నేను ఉండను.

తర్వాతి శుక్రవారం పదింటికి కాకుండా, రోజూలాగే ఎనిమిదిన్నరకల్లా దిగాను.

షెడ్డులో సాంబ్రాణి పొగ. అందరూ ట్యాంకు ముందు నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే పాట ఆగిపోయింది. పెద్దక్క చేతిలో హారతి పళ్ళెం.

"అయ్యో, ఇంత పొద్దున్నే వచ్చేశారేంటండీ?"

"బస్సు దొరికింది. మీరు కానివ్వండి."

గుమ్మం పక్కన నిలబడ్డాను. కాసేపు ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. హారతి ఆరిపోయేలా ఉందని ఎవరో గుర్తుచేశారు. పూజ సాగింది. పళ్ళెంలో తమలపాకు మీద పసుపు ముద్దతో చేసిన వినాయకుడు. ఏ పనికైనా మా వైపు మొదట ఆయన్నే చేస్తారు. పూజ అయ్యాక పెద్దక్క ఆ ముద్దలోంచి గోరంత గిల్లి, ఉద్ధరిణిలోని నీళ్ళలో కరిగించి, ట్యాంకు మూత ఎత్తి, లోపల పోసింది. అందరూ దణ్ణం పెట్టుకున్నారు.

నేను అరవలేదు. దగ్గరికి వెళ్ళి అడిగాను.

"ఇది ఎప్పట్నించి పెద్దక్కా?"

"అయ్యగారు పోయాక, షెడ్డు మళ్ళీ తెరిచినప్పట్నించండి."

"ఆయనున్నప్పుడు వేసేదానివి కాదుగా?"

"అప్పుడాయనే ఉన్నారు కదండీ." ఇంకేం చెప్పాలన్నట్టు చూసింది. "ఇది నిలబడాలని మొక్కుకున్నానండి. తొమ్మిది కొంపలండి ఇక్కడ. మీరా, ఒక్కరైపోయారు. మొదటి ట్యాంకులో స్వామిని కలిపితే ఏ అడ్డూ రాదని... అయినా ముఖానికి రాసుకునేదేగా, పసుపు పడితే మంచిదే. మా అమ్మ డెబ్భై ఏళ్ళు రాసింది. ఒక్క మచ్చ ఉంటే చూపించమనండి."

"మరి నాకొక్క మాట చెప్పలేదేం?"

వెనకనుంచి డబ్బాలు నింపే అమ్మాయి అంది, "మీరు పదింటికి వస్తారు కదండీ."

అందులో ఎత్తిపొడుపు లేదు. అది ఉన్న విషయమే. నేను లేని గంటన్నర నేనే వదిలేసుకున్నాను.

"ఆ పసుపు నాకు కావాలి" అన్నాను.

పెద్దక్క పళ్ళెం వెనక్కి తీసుకుంది. "స్వామికి పరీక్ష పెడతారా అమ్మగారూ!"

"ఉద్వాసన చెప్పాక ఇవ్వు. స్వామి వెళ్ళిపోతాడుగా. మిగిలేది పసుపేగా."

ఆలోచించింది. శాస్త్రానికి అది సరిపోయింది. ఉద్వాసన చెప్పి, ముద్దను ఆకుతో సహా నా చేతిలో పెట్టింది.

పసుపు గాయాన్ని మాన్పుతుందని చిన్నప్పటినుంచీ విన్నాం. దాన్ని నేను కాదనను. కాని ఆ కొమ్ము నేలమీద ఆరుతుంది, గోనెసంచిలో కదులుతుంది, మిల్లులో పిండి అవుతుంది. దారి పొడుగునా దుమ్ములోని సూక్ష్మజీవులు దాని వెంట వస్తాయి. పొడిగా ఉన్నంతకాలం అవి పడుకుని ఉంటాయి, తడి తగిలితే లేస్తాయి. గోరంత పసుపు ట్యాంకంత క్రీంలో మొదటి రోజు లెక్కకే అందదు. మూడు వారాల్లో అందుతుంది. నా ప్లేటు మీద ఆ ముద్ద ఒక్క రోజులో అంచులదాకా నిండింది. శుభ్రమైన బ్యాచ్‌లో గోరంత కలిపి చూశాను, చెడింది. కలపనిది నిలిచింది.

మరిది ఆయన ఫొటో ముందు నిలబడి, చెప్పులు విడిచి, "అన్నయ్యా, తప్పైపోయింది" అన్నాడు. పెద్దక్క రెండు రోజులు అన్నం తినలేదు. మూడో రోజు నేనే తిట్టి తినిపించాను. అప్పటినుంచి పసుపు, కుంకుమ ట్యాంకుకి బయటే అని నియమం పెట్టాను. సమస్య తీరింది. ఫార్ములా గెలిచింది. ఒక వారం నేను చాలా సంతోషంగా ఉన్నాను, అలా ఉన్నందుకు కొంచెం సిగ్గుపడ్డాను కూడా.

తర్వాత, వాపసు వచ్చిన డబ్బాలు పారేయడానికి తీశాం. ఏప్రిల్లో మరిది తెచ్చినవి, బల్ల కింద అట్టపెట్టెలో ఉన్నాయి. అందులో ఎవరో సగం వాడిన డబ్బా ఒకటి ఉంది. మూత తీస్తే లోపలి అంచున పసుపుపచ్చ చార. వేలి ముద్రలు కనబడుతున్నాయి.

బ్యాచ్ నంబరు చూశాను. అది శుక్రవారానిది కాదు. సోమవారం చేసింది, నా రెండు పరీక్షలూ దాటింది, కంగారులో మిగతావాటితో పాటు వెనక్కి వచ్చింది.

ఆ డబ్బాను పారేసేవాటిలో వేయడానికి నా చెయ్యి వెళ్ళింది. ఆ మాట దాచను. తర్వాత దాన్ని బల్లమీద పెట్టి శాంపిల్ తీశాను. ప్లేటు నిండింది.

పొద్దున్నే ముఖానికి పసుపు రాసుకుని, తడి చేతులతో క్రీం డబ్బాలో వేలు పెట్టే ఆడవాళ్ళు ఈ జిల్లాల్లో ఎంతమంది? మా షెడ్డులోనే ఆరుగురు. పెద్దక్క శుక్రవారం చేసిన పనే ప్రతి ఇంట్లో ప్రతి ఉదయం జరుగుతోంది, మొక్కు కూడా లేకుండా. నేను ఆ ఫార్ములాను పరీక్షించింది ప్రయోగశాలకి తెప్పించుకున్న సూక్ష్మజీవులతో. మన చేతులతో కాదు.

మరిదికి చెప్పాను. ఈసారి అతనే ఫార్ములా వైపు నిలబడ్డాడు.

"కొనుక్కున్నాక వాళ్ళ చేతులు వాళ్ళ ఇష్టం వదినా. 'పొడి చేతులతో వాడండి' అని డబ్బామీద వేయిద్దాం."

"చదివేదెవరు?"

"చదవకపోతే మన తప్పా? తప్పు కాదు, తప్పు కాదు అని నన్ను నాలుగు నెలలు తిప్పింది మీరేగా!"

"తప్పు కాదు. చాలదు."

"అన్నయ్య ఉంటే..."

"ఉంటే ఈపాటికి ముప్పై ఎనిమిది మొదలుపెట్టేవారు."

అతను ఆర్డర్ల పుస్తకం తెరిచాడు. తర్వాత "ఎన్నాళ్ళు పడుతుంది?" అన్నాడు.

మూడు నెలలు పట్టింది. ఆయన వేసిన దాన్ని కొంత తగ్గించి, దానికి తోడు మరో ప్రిజర్వేటివ్, అనుమతించినదాంట్లో సగం కూడా లేకుండా వేశాను. ముందు నా మోచేతి మడతలో రాసుకుని చూశాను, తర్వాత ఒప్పుకున్నవాళ్ళ చేతుల మీద. ఒకామె "చీమ కుట్టినట్టుందండి" అంది. తగ్గించాను. ఇంకా కుట్టిందా అంటే "చీమ వెళ్ళిపోయింది" అంది. అక్కడ ఆపాను. డబ్బా మానేసి ట్యూబు పెట్టాం, అందులో వేలు పెట్టడానికి వీల్లేదు. మరిది ట్యూబుమీద "నూరు శాతం ప్రకృతి సహజం" అని వేయిద్దామన్నాడు. మన క్రీంని చెడగొట్టింది కూడా నూరు శాతం ప్రకృతి సహజమే అన్నాను. వేయించలేదు. లోపల ఏమున్నాయో అవి వేయించాం.

ఆ పని మొదలుపెట్టిన రోజునే నోటుపుస్తకం తెరిచాను. ముప్పై ఏడో ఫార్ములా ఉన్న పేజీ చివర ఆయన "నిలిచింది" అని రాసి, కింద రెండు గీతలు గీశారు. అంత సంబరం ఆ పుస్తకంలో ఇంకెక్కడా లేదు. స్కేలు పెట్టి ప్రిజర్వేటివ్ వరుస మీద ఒక్క గీత గీశాను. పక్కన తేదీ వేసి సంతకం పెట్టాను. "నిలిచింది" మీద కూడా ఒక గీత గీశాను. రెండూ చదవడానికి వీలుగానే ఉన్నాయి. పేజీ తిప్పి, ముప్పై ఎనిమిది అని వేసి, నా చేతిరాతతో మొదలుపెట్టాను.

ఇప్పుడు శుక్రవారం కూడా నేను ఎనిమిదిన్నరకే వెళ్తాను. పూజలో నిలబడతాను. బొట్టు సంగతి ఎవరూ ఎత్తరు, నేనూ ఎత్తను. హారతి మాత్రం అందరితో పాటు నా దగ్గరికీ వస్తుంది. ఉద్వాసన చెప్పాక పెద్దక్క ఆ పసుపును కాగితంలో చుట్టి లాబ్‌కి తెచ్చి ఇస్తుంది. ఆ వారం బ్యాచ్‌లోంచి ఒక ట్యూబు కోసి, ఆ క్రీం గాజుసీసాలో వేసి, గోరంత పసుపు కలిపి దాచిపెడతాను. మా పరీక్షల పట్టికలో దానికి ఒక వరుస ఉంది.

మొన్న మూడు వారాల ప్లేటు తీస్తుంటే పెద్దక్క నా భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏమన్నా మొలిచిందాండీ?"

"ఏం మొలవలేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

ప్లేటు చేతిలోకి తీసుకుని, వెలుతురుకి ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూసింది. నమ్మకం కుదిరినట్టు లేదు.

"ఈ పసుపు మరీ మంచిదైపోయిందేమోనండి. వచ్చే శుక్రవారం ఇంకో మిల్లుది తెస్తానుండండి" అంది.